ఎలుక పండుకున్నది

మా ఈడు వాళ్ళు నలుగురు ఒకచోట కూడితే చిన్నప్పటి టీవీ ముచ్చట రాక మానదు. ఒకరు ఆదివారం పొద్దున వచ్చే బొమ్మల కథ ఎత్తుకుంటారు. ఇంకొకరు దాని ముందు వచ్చే పాట అందుకుంటారు. మిగిలినవాళ్ళు వంత పాడతారు. అంతా అయ్యాక నావైపు తిరిగి నీకేది ఇష్టమని అడుగుతారు. నేను "ఎర్ర కోటు ఎలుక" అంటాను. అక్కడితో పాట ఆగిపోతుంది.

ఆ ఎలుకను నేను తప్ప ఎవరూ చూడలేదట. కర్ర తోక, బాన పొట్ట, మెడకు కట్టుకున్న చిన్న సంచి. వారానికోసారి సాయంత్రం పూట వచ్చేది. దొరికిందల్లా తినేది, గంతులేసేది, చివరికి వెల్లకిలా పడి కాళ్ళు పైకి పెట్టి నిద్రపోయేది. ఇంత వివరంగా చెప్పినా మా బడిలో తోటి టీచరమ్మ ఒకామె, "మీకు కల వచ్చి ఉంటది మేడం" అని తేల్చేసింది. నాకున్న ఒకే ఒక్క సాక్షి మా అన్న. ఆయన "ఎలుక వచ్చేది, నిజమే" అంటాడు గానీ, వెంటనే "కోటు ఎర్రది కాదు, పచ్చది" అని చేరుస్తాడు. ఆ ఎరుపు పచ్చల మీద మేమిద్దరం ఏళ్ళ తరబడి కొట్లాడుకున్నాం. మేము చూసిన టీవీ నలుపు తెలుపుదన్న సంగతి ఇద్దరికీ చాలా ఆలస్యంగా తట్టింది.

అన్న గురించి ఇంకొక మాట కూడా చెప్పాలి. నాకంటే మూడేళ్ళు పెద్ద. ఏ పెళ్ళిలో బంతిలో కూర్చున్నా తన విస్తరిలో మిఠాయి తీసి నా విస్తరిలో వేస్తాడు. నేను నాది తీసి ఆయన విస్తరిలో వేస్తాను. వడ్డించేవాళ్ళు నవ్వుకుంటారు. ఆయన ఎందుకు వేస్తాడో నాకు తెలియదు. నేను ఎందుకు వేస్తానో ఆయనకు తెలియదు.

మొన్న వానల్లో నిజామాబాదులో అన్న ఇంటికి పోయాను. అన్న కూతురు మంచం మీద బోర్లా పడుకుని ఫోన్లో ఏదో వెతుకుతోంది. కాసేపటికి లేచి వచ్చి ఫోను నా ముందు పెట్టింది.

"అత్తా, గిదేనా మీ ఎలుక?"

ఎవరో పాత క్యాసెట్‌ నుంచి ఎక్కించిన బొమ్మ అది. రంగులు వెలిసి, గీతలు గీతలుగా ఊగుతోంది. ఆ గీతల వెనక నుంచి వచ్చాడు మావాడు. అదే తోక, అదే పొట్ట, అదే సంచి. డోలక్ మోత కూడా అదే.  వంటింట్లోంచి చాయ్ గ్లాసుతో వచ్చిన అన్న గ్లాసు పట్టుకునే నిలబడిపోయాడు. ఒక అర నిమిషం నేను ఎనిమిదేళ్ళ పిల్లనైపోయాను. ఆ తర్వాత మాటలు వినబడ్డాయి.

నాకిప్పుడు మరాఠీ వచ్చు. మద్నూర్ వైపు బడిలో ఇరవై ఏళ్ళు పనిచేశాను. అక్కడ తరగతిలో సగం మంది పిల్లలు ఇంట్లో మరాఠీ మాట్లాడేవాళ్ళే. వినగా వినగా ఆ భాష నాకు తెలియకుండానే వచ్చి కూర్చుంది. అది రాకుండా ఉంటే బాగుండేదేమోనని ఆ రోజు మొదటిసారి అనిపించింది.

బొమ్మ పక్కన తెల్ల టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన పళ్ళెంలో నూకలు కలుపుతున్నాడు. ఆయన కూడా నాకు గుర్తే. "రైతు సోదరులారా, మొదటి రెండు రోజులు వట్టి నూకలే పెట్టండి, ఎలుక నమ్ముతుంది, మూడో రోజు మందు కలపండి" అని ఆయన మరాఠీలో నిదానంగా చెబుతున్నాడు. ఎలుక వచ్చింది. తిన్నది. గంతులేసింది. వెల్లకిలా పడి కాళ్ళు పైకి పెట్టింది. పెద్దమనిషి చేతులు దులుపుకుని నమస్కారం పెట్టాడు.

అది పిల్లల కార్యక్రమం కాదు. రైతుల కార్యక్రమం. ఎలుకలను ఎలా చంపాలో వారానికొక తీరుగా చూపించేవారు.

"ఏమంటుండే?" అన్నాడు అన్న.

"ఎలుక సచ్చిపోయింది అంటుండు" అన్నాను.

అన్న నమ్మలేదు. "ఎలుక పండుకున్నదని మౌసి చెప్పె గదా" అన్నాడు.

 నాకు గుర్తొచ్చింది ఎలుక కాదు, కాగితం పొట్లాలు. 

మౌసి అంటే పిన్ని అని అర్థం గానీ, ఆమె మాకు చుట్టం కాదు, ఎదురింటామె. అప్పుడు మేము బోధన్‌లో, షుగర్ ఫ్యాక్టరీకి దగ్గరి గల్లీలో ఉండేవాళ్ళం. క్రషింగ్ మొదలైతే ఊరంతా ఉడికిన చెరుకు రసం వాసన. ఆరేసిన బట్టల మీద నల్లటి మసి. ఫ్యాక్టరీ ముందు చెరుకు బండ్లు వరుసగా నిలబడితే మేము వెనక నుంచి గడలు గుంజేవాళ్ళం. బండాయన వెనక్కి తిరగకుండానే, "ఒక్కటే గుంజు బిడ్డా, మోపు ఇప్పకు" అనేవాడు. అలా అన్నాక ఒక్కటే గుంజాలనిపించేది. అయినా రెండు గుంజేవాళ్ళం.

మౌసి భర్త ఆ ఫ్యాక్టరీలోనే చక్కెర ఉడికించే చోట పనిచేసేవాడు. ఆయన చొక్కా విప్పి మేకుకు తగిలిస్తే చీమలు గోడ మీద వరుస కట్టేవి. మౌసిది మహారాష్ట్రలో దెగ్లూర్ దిక్కు. ఆమెకు పిల్లలు లేరు. గల్లీలో టీవీ ఉన్న ఇళ్ళు రెండే. రెండో ఇంటివాళ్ళు మమ్మల్ని గడప అవతలే నిలబెట్టేవాళ్ళు. మౌసి మాత్రం చాప పరిచి, ఒక్కొక్కరి చేతిలో పల్లికారం పూసిన జొన్నరొట్టె ముక్క పెట్టేది. కాకపోతే ఒకటే చిక్కు. ఆ రెండో ఇంటి యాంటెన్నా హైదరాబాదు దిక్కు ఉండేది. మౌసి వాళ్ళది నాందేడ్ దిక్కు. పెళ్ళయి వచ్చిన ఆడమనిషి తన భాష వినక చిక్కిపోతోందని ఆమె భర్తే మిద్దె ఎక్కి దాన్ని ఆమె పుట్టింటి వైపు తిప్పాడట. అందుకని ఆ ఇంట్లో టీవీ మరాఠీ మాట్లాడేది. మాకు సంతలో ధర అడిగే రెండు మాటలు తప్ప మరాఠీ రాదు.

ఆ చిక్కు విప్పింది మౌసే. టీవీ కింద మాకెదురుగా కూర్చుని, తల పైకెత్తి వింటూ, మాకు తెలుగులో చెప్పేది.

"గా తెల్లటోపాయన ఎలుకకు మేనమామ. లడ్లు చేస్తుండు సూడు."

ఒక వారం ఆ టోపీ ఆయన బొరియలో పొగ పెట్టాడు. "చలి పెడ్తున్నదని మామ మంటేసిండు" అంది. ఇంకొక వారం బోను తెచ్చి పెట్టాడు. "కొత్త ఇల్లు కట్టిచ్చిండు" అంది. బోను తలుపు ఠక్కున పడితే మేము చప్పట్లు కొట్టాం. ఎలుకకు సొంత ఇల్లు వచ్చిందని మా అన్న గల్లీలో అందరికీ చెప్పొచ్చాడు. ఏ వారమైనా చివరికి ఎలుక వెల్లకిలా పడేది. అప్పుడు మౌసి గొంతు తగ్గించేది.

"పండుకున్నది. లొల్లి నకో."

గల్లీ పిల్లలం ఎనిమిది మందిమి చెప్పులు చేతుల్లో పట్టుకుని, మునివేళ్ళ మీద ఒకరి వెనక ఒకరం బయటికి వచ్చేవాళ్ళం. మేము అమ్మను అవ్వ అనీ నాన్నను బాపు అనీ పిలిచేవాళ్ళం. అవ్వ అరుగు మీద చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతూ ఉండేది. చుట్టూ తంబాకు ఘాటు.

"ఏందే, దొంగల లెక్క వస్తుండ్రు?"

"ఎలుక పండుకున్నది అవ్వా."

"అదృష్టం. మనింట్ల ఎలుక అయితె తెల్లారందాక పండుకోదు" అనేది అవ్వ, ఆకు మీద నుంచి కళ్ళెత్తకుండా.

ఇక పొట్లాల సంగతి. కాలువ కింద మాకు వరి మడి ఉండేది. పైరు పొట్టకు వచ్చిన రోజులు. ఎలుకలు మొదళ్ళు కొరికి పడేస్తున్నాయని బాపు రోజూ తిట్టుకుంటూ వచ్చేవాడు. ఒకరోజు వాకిట్లో కూర్చుని పళ్ళెంలో నూకలు, నూనె కలిపాడు. నాకు సంతోషమేసింది. మా బాపు కూడా మేనమామ లాంటివాడే, లడ్లు చేస్తున్నాడు అనుకున్నాను. రెండు రోజులు ఆ నూకలు పొలంలో పెట్టొచ్చాడు. మూడో రోజు డబ్బాలోంచి నల్లటి పొడి తీసి కలిపాడు. వెల్లుల్లి వాసన లాంటిదేదో వచ్చింది. నేను చెయ్యి పెట్టబోతే అవ్వ నా జబ్బ పట్టి వెనక్కి లాగింది.

"ముట్టకు. ఎలుకలు సచ్చే మందు గది."

టీవీలో చూసిందీ వాకిట్లో చూసిందీ ఒకటే పళ్ళెం, ఒకటే నూకలు. అయినా నాకు అనుమానం రాలేదు. టీవీలో మామ ఎంత మంచివాడు, మా బాపు ఎంత చెడ్డవాడు అని మాత్రమే అనిపించింది. పిల్లల బుద్ధి అంతే కాబోలు. నమ్మినదాన్ని వదలదు, కళ్ళ ముందున్నదాన్నే తప్పు పడుతుంది.

బాపు ఆ మందును కాగితం పొట్లాలు కట్టి, గట్టు మీద బొరియల్లో పెట్టి రమ్మని అన్నకు ఇచ్చాడు. నేను వెంట పడ్డాను. అన్న ముందు పెట్టుకుంటూ పోయాడు. నేను వెనక నుంచి పుల్లతో ఒక్కొక్కటే బయటికి లాగి, గట్టు పక్కన గుంత తీసి అన్నీ పూడ్చేశాను. కాలువలో చేతులు కడిగాను, కడిగి మళ్ళీ కడిగాను. ఎర్ర కోటు ఎలుకను కాపాడినట్టు ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

వారం తిరక్కుండా మడి నడుమ బట్టతల పడ్డట్టు పైరు పడిపోయింది. బాపు పొలం నుంచి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. చేతిలో చెరుకు గడ.

"పొట్లాలు పెట్టినవా లేదార?"

"పెట్టిన బాపు."

"పెడితె ఒక్క ఎలుకన్న సావదా? కాగితం ముక్కన్న ఉండదా?"

చెరుకు గడ లేచింది. నేను తలుపు వెనక ఉన్నాను. అక్కడ పసుపు నింపిన గోనెసంచి ఉండేది. దానికి ముక్కు ఆనించి, చెవులు మూసుకుని నిలబడ్డాను. నేనే తీశానని బయటికి రాలేదు. గడ విరిగి మూడు ముక్కలైంది. అంత ఏడుపులోనూ వాకిట్లో తియ్యటి వాసన వచ్చింది. తర్వాత అవ్వ ఆ ముక్కలు ఏరి, కడిగి, మాకే తినమని ఇచ్చింది. అన్న వీపుకు నూనె రాస్తున్నంతసేపూ గొణుగుతూనే ఉంది.

మరునాడు నేను ఒక ముక్క గౌనులో దాచుకుని మౌసి దగ్గరికి పోయి అంతా చెప్పాను. ఎలుకను బాపు చంపుతాడని పొట్లాలు తీశానని, దెబ్బలు అన్నకు పడ్డాయని. మౌసి రొట్టె తడుతోంది. పిండి చేతులతో అలాగే ఆగిపోయింది. పెనం మీద రొట్టె మాడుతున్నా తీయలేదు. అది నల్లబడ్డాక దించి, "మీ అన్నకు చెప్పు బేటా" అంది. చెబుతానన్నాను. చెప్పలేదు.

ఆ తర్వాతి వారం మేము పోయేసరికి ఆ ఇంట్లో టీవీ తెలుగు మాట్లాడుతోంది. యాంటెన్నా హైదరాబాదు దిక్కు తిరిగి ఉంది. "గాలికి తిరిగింది" అంది మౌసి. ఆ రోజుల్లో ఆకు కదిలేంత గాలి కూడా లేదు. ఎలుక ఏదని అడిగితే, "అవ్వగారింటికి పోయింది. రైలెక్కి పోయింది" అంది. టీవీలో తెలుగు వచ్చిన సంబరంలో ఎలుక పెద్దగా గుర్తు రాలేదు. చెప్పడానికి ఏమీ లేక మౌసి మా వెనక గోడకు ఆనుకుని కూర్చునేది. మెల్లగా ఎవరిళ్ళల్లో వాళ్ళకు టీవీలు వచ్చాయి. ఆ చాప మీదికి పోవడం మానేశాం.

ఫోన్లో ఎలుకను చూసిన రాత్రి నాకు నిద్ర లేదు. మౌసి ఎందుకలా చెప్పింది? అడగాల్సిందే అనిపించింది. ఆమె ఇంకా బోధన్‌లోనే, చెల్లెలి కొడుకు దగ్గర ఉంటోంది. పొద్దున్నే అక్కడికి పోదామంటే అన్న బండి తీశాడు. ఎందుకో చెప్పకుండానే ఎక్కాను.

మౌసి మంచం మీద కూర్చుని మెంతికూర గిల్లుతోంది. మనిషి పిడికెడైంది. నన్ను గుర్తుపట్టి నవ్వింది. అన్న పలకరించి, బండి నీడకు పెట్టొస్తానని బయటికి పోయాడు. నేను ఫోన్లో ఆ బొమ్మ పెట్టి ఆమె ముందు పట్టుకున్నాను. కళ్ళు చికిలించి చూసింది. ఎలుక వచ్చేసరికి ఆమె చేతిలో మెంతికూర ఆగిపోయింది.

"ఏమంటుండే? నాకు ఇనవడ్తలేదు. నువ్వు చెప్పు."

అంత దూరం మూటగట్టుకుని వచ్చిన ప్రశ్న నాలుక చివరే ఉంది. తెల్ల టోపీ ఆయన మందు కలపమంటున్నాడు. నేను నోరు తెరిచాను.

"లడ్లు చేస్తుండు మౌసీ" అన్నాను.

"ఎన్ని?"

"నాలుగు."

"నాలుగు గాదు, అయిదు. తొవ్వల తినెతందుకు ఒకటి ఎక్కువ" అంది.

ఎలుక వెల్లకిలా పడింది.  మౌసే గొంతు తగ్గించి, "పండుకున్నది" అంది. ఫోను చీకటైంది. ఆమె నిజంగా వినలేకపోయిందో, నా చేత చెప్పించాలనే అడిగిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

"మందుల ముచ్చట అని చెప్తె పిల్లలు వస్తరా బేటా" అంది మౌసి, మెంతికూర వైపు చూస్తూ. ఒక కాడ గిల్లి, "మీ అన్నకు చెప్పినవా?" అంది.

నలభై ఏళ్ళు దాటింది. నేను తల అడ్డంగా ఊపాను. 

తిరిగి వస్తుంటే మూతబడ్డ ఫ్యాక్టరీ గోడ పక్కన చెరుకు రసం బండి దగ్గర అన్న ఆపాడు. లోపల పొగగొట్టం ఊరికే నిలబడి ఉంది. పొగ లేదు, మసి లేదు. బండి ముసలాయన రెండు గ్లాసులు పోశాడు. అన్న నిండు గ్లాసు నావైపు జరిపాడు. నేను మళ్ళీ ఆయన వైపు జరిపి, చెప్పేశాను.

"అన్నా, గప్పుడు బాపు నిన్ను కొట్టిండు గదా. గా పొట్లాలు తీసింది నేను."

అన్న నన్ను వింతగా చూశాడు. "నన్నెక్కడ కొట్టిండే? కొట్టింది నిన్ను."

"నన్నా?"

"పొట్లాలు నేను సక్కగ పెట్టలే. సగం గట్టు మీదనే ఇసిరేసి గోలీలాటకు పోయిన. బాపు అడిగితె నువ్వు నడుమ జొచ్చి నేనే తీసిన అన్నవు. గడ నీ వీపు మీద ఇరిగింది. నేను తలుపు ఎనుక నిలవడి సూసిన." ఆయన గ్లాసును వేళ్ళతో తిప్పాడు. "గిన్నేండ్ల సంది గది నాకు ముల్లు లెక్క ఉన్నది."

"తలుపు ఎనుక ఉన్నది నేను అన్నా."

"నువ్వెట్ల ఉంటవే? ఆడ పసుపు గోనె ఉండె. నా ముక్కుకు తగిలింది."

"నా ముక్కుకు తగిలింది."

ముసలాయన గడ మడిచి మళ్ళీ యంత్రంలో పెడుతూ, "ఇద్దరు తలుపు ఎనుకనే ఉంటె మీ బాపు ఎవరిని కొట్టిండు సారు?" అన్నాడు.

 చెప్పడానికి బాపు లేడు, అవ్వ లేదు. "అన్నకు చెప్పినవా అని మౌసి నన్నే అడిగింది" అన్నాను. అన్న నవ్వాడు.

"మంచి సాక్షే దొరికింది. బోను పెడితె కొత్త ఇల్లు అన్న మనిషి."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన విస్తరిలోంచి నా విస్తరిలోకి వచ్చిన మిఠాయిలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే దాక్కున్నాననుకున్నాను. ఆయనా అదే తలుపు వెనక నిలబడే ఉన్నాడు. దెబ్బలు ఎవరికి పడ్డాయో మాత్రం నాకు నిజంగా తెలియదు. ఇప్పుడు నా వీపు కూడా నాకు అనుమానంగానే ఉంది.

"గడ ఎన్ని ముక్కలైందే?" అన్నాడు అన్న.

"మూడు."

"మూడే. ఒకటి నువ్వు తిన్నవు, ఒకటి నేను తిన్న. మూడోది ఏమైనట్టు?"

"మౌసికి తీస్కపోయిన."

 అన్న ముసలాయన వైపు తిరిగి, "ఇంకొకటి సీసల పోయి తాతా" అన్నాడు.

మళ్ళీ వెనక్కి పోయాం. మెంతికూర చేట కిందికి దించి, మౌసి మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. అన్న గడప దగ్గరే ఆగి, చెప్పులు విప్పి చేతిలోకి తీసుకున్నాడు. యాభై దాటిన మనిషి.

"లొల్లి చెయ్యకు," అన్నాడు చిన్నగా. "పండుకున్నది."

ఆ మాట ఎన్నిటిని కప్పగలదో నాకిప్పుడు తెలుసు. అందుకని ఆమె పొట్ట పైకి లేచి మళ్ళీ దిగిందాకా కదలకుండా చూశాను. లేచింది, దిగింది. ఇంకోసారి లేచింది. అప్పుడు రసం సీసా మంచం పక్కన పెట్టి, నా చెప్పులు కూడా చేతిలోకి తీసుకుని, అన్న వెనక మునివేళ్ళ మీద బయటికి వచ్చాను.